హాలియా నుంచి నల్లమలకు: కెమెరా బండెక్కే ముందు

హాలియా సెంటర్లో నాలుగైదేళ్లుగా ఒక మార్పు చూస్తున్నాను. పెళ్లిళ్లకు ఫొటోలు తీసే పిల్లల చేతుల్లో లక్షలు పోసి కొన్న కెమెరాలున్నాయి. మూఢాలు వచ్చాయంటే వాళ్లకు పని ఉండదు. కెమెరాను మూలకు పెట్టలేరు, పెట్టబుద్ధీ కాదు. అప్పుడు నా దగ్గరికి వచ్చి అడిగే మాట ఎప్పుడూ ఒకటే: "అన్నా, మనకు దగ్గర్ల నేషనల్ పార్కు ఏదున్నది? రెండ్రోజులు బండి తీస్కొని పోయి పులిని తీసుకొద్దామనుకుంటున్నం."

ఒక్క మాటలో జవాబు చెప్పలేక ప్రతిసారీ ఇబ్బంది పడతాను. పార్కు అనే మాట దగ్గర ఒక చిక్కుంది. రెండ్రోజులనే లెక్క దగ్గర ఇంకొకటుంది. పులి మీది ఆశ దగ్గర ఉన్నది అన్నిటికన్నా పెద్ద చిక్కు. పదేళ్లుగా ఈ దారుల్లో తిరిగి నేర్చుకున్నదంతా ఒకచోట పెడితే వాళ్లకు పనికొస్తుందని ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందు పార్కు సంగతి. చట్టప్రకారం తెలంగాణలో నేషనల్ పార్కులు మూడే: కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు, వనస్థలిపురం పక్కనున్న మహావీర్ హరిణ వనస్థలి, చిలుకూరు దారిలో ఉన్న మృగవని. మూడూ హైదరాబాదును అంటుకొనే ఉన్నాయి. హరిణ వనస్థలిలో కృష్ణజింకలు బాగా దొరుకుతాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అది మంచి బడి. మనవాళ్ల మనసులో ఉన్న అడవి మాత్రం అది కాదు. వాళ్లు అడుగుతున్నది నల్లమల గురించి. నల్లమలలో మనం వెళ్లే భాగం నేషనల్ పార్కు కాదు, అభయారణ్యం. 1978లో నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యంగా ప్రకటించారు, 1983లో అది పులుల సంరక్షణ పథకం కిందికి వచ్చింది. రాష్ట్రం విడిపోయాక కృష్ణకు ఉత్తరపు ఒడ్డు అమ్రాబాద్ టైగర్ రిజర్వు అయింది. దాని విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. దక్షిణపు ఒడ్డు నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వుగా ఆంధ్రప్రదేశ్‌లో ఉండిపోయింది. దేశంలో విస్తీర్ణంలో అన్నిటికన్నా పెద్ద టైగర్ రిజర్వు అదే.

పేరులో ఈ తేడా కాగితం మీదిదే అనుకోవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం నేషనల్ పార్కులో పశువుల మేతను ఒప్పుకోదు, మనుషుల హక్కులను దాదాపు మిగల్చదు. అభయారణ్యంలో కొన్ని హక్కులు కొనసాగే వీలుంది. అందుకే నల్లమలలో చెంచు పెంటలు కనిపిస్తాయి, గుళ్లు కనిపిస్తాయి, జాతరకు నడిచిపోయే జనం కనిపిస్తారు. టీవీలో ఆఫ్రికా గడ్డిమైదానాలు చూసి వచ్చినవాళ్లు మొదటిరోజే "గిదేంది, బర్రెలు అడ్డమొస్తున్నయి" అని డీలా పడతారు. అడవిలో మనుషులు ఉండడం ఇక్కడ కొత్త సంగతేమీ కాదు. ఎవరూ లేని అడవిని తీయాలని వెళ్తే ఇక్కడ ప్రతి ఫొటోలోనూ ఏదో ఒకటి కత్తిరించి పారెయ్యాల్సి వస్తుంది.

ఇక పులి. 2022 లెక్కల ప్రకారం తెలంగాణ మొత్తం మీద పులులు 21, ఆంధ్రప్రదేశ్‌లో 63. మహారాష్ట్రలోని తాడోబా–అంధారి రిజర్వు అమ్రాబాద్ కన్నా చిన్నది, 1,727 చదరపు కిలోమీటర్లు. అదే లెక్కలో అక్కడ 97 పులులున్నాయి. కాబట్టి పులి ఫొటోయే కావాలంటే తాడోబాకే పొమ్మని చెబుతాను. హైదరాబాదు, మంచిర్యాల, చంద్రపూర్ మీదుగా ఒక పూర్తి రోజు ప్రయాణం. సఫారీ ముందుగానే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. మంగళవారం సెలవు, అది చూసుకోకుండా వెళ్లి గేటు దగ్గర నిలబడినవాళ్లున్నారు. నలుగురు కలిసి ఖర్చు పంచుకొని, మూడు నాలుగు సఫారీలు చేస్తే పులి కనిపించే అవకాశం బాగానే ఉంటుంది. జీవితంలో ఒకసారి చేయదగ్గ ప్రయాణమే. తప్పు పట్టను.

అయితే ఒక లెక్క చెప్పి ఆలోచించమంటాను. 2018లో దేశవ్యాప్తంగా పులులను లెక్కించినప్పుడు 26,838 చోట్ల చెట్లకు కెమెరాలు కట్టారు. మనిషి లేకుండా, కదలికను పసిగట్టి వాటంతటవే ఫొటో తీసుకునే కెమెరాలవి. వాటిలో 3 కోట్ల 48 లక్షలకు పైగా ఫొటోలు పడ్డాయి. అందులో పులులవి 76,651. దాదాపు 455 ఫొటోలకు ఒకటి. రాత్రీ పగలూ నిద్రపోని కెమెరాకు, పులి నడిచే దారి తెలిసినవాళ్లు ఎంచి కట్టిన కెమెరాకు ఆ లెక్క. గంటన్నర జీపులో తిరిగే మన కెమెరా మాటేమిటి? మిగిలిన 454లో ఏముందో చూడ్డం మొదలుపెట్టినవాడికే నల్లమల దొరుకుతుంది. దుప్పి, కణితి, మనుబోతు, కొండగొర్రె, ఎలుగుబంటి, చిరుతపులి, రేసుకుక్క, ముళ్లపంది, అలుగు, బెట్టుడుత. పిట్టలైతే చెప్పక్కర్లేదు.

పాతకాలంలో పులి ఫొటో ఎంత కష్టమో ఎఫ్.డబ్ల్యు. ఛాంపియన్ 1927లో అచ్చేసిన పుస్తకం చదివితే తెలుస్తుంది. ఉత్తరాది అడవుల్లో దారికి అడ్డంగా తీగ కట్టి, పులి కాలు తగలగానే ఫ్లాష్ వెలిగేలా అమర్చిన అటవీ అధికారి ఆయన. తుపాకీ పట్టుకోవాల్సిన చేతిలో కెమెరా పట్టుకున్న తొలితరం వాడు. మన నల్లమలకు కూడా ఇలాంటి చరిత్ర ఉంది, అది మన పిల్లలకు ఎవరూ చెప్పలేదు. 1931–32లో సలీం అలీ హైదరాబాదు సంస్థానపు పక్షుల సర్వే చేస్తూ మన్ననూరు, ఫరహాబాద్‌లో మకాం వేశాడు. ఆ రోజుల్లో పక్షిని గుర్తించడమంటే కాల్చి, చర్మం తీసి, భద్రపరచడమే. ఇవాళ ఫరహాబాద్ వ్యూపాయింట్ దగ్గర నిలబడి పాముల గద్దను లెన్సులో పట్టుకునే కుర్రాడు అదే పనిని ప్రాణం తీయకుండా చేస్తున్నాడు. తేదీ, చోటు రాసి ఆ ఫొటోను దాచుకుంటే అదీ సర్వేనే. మన పెళ్లి ఫొటోగ్రాఫర్లకు ఫైళ్లు సర్ది పెట్టుకునే అలవాటు ఎలాగూ ఉంది.

ఇప్పుడు దారి. హాలియాలో ఉన్నవాళ్లకు ఒక అదృష్టముంది, అది హైదరాబాదు వాళ్లకు లేదు. మన ఊరి నుంచి నల్లమల చుట్టూ ఒక రౌండు వేయొచ్చు. హాలియా నుంచి సాగర్. డ్యాం దాటి మాచర్ల. అక్కడి నుంచి యర్రగొండపాలెం, దోర్నాల. దోర్నాల నుంచి ఘాట్ రోడ్డెక్కి తుమ్మలబైలు మీదుగా శ్రీశైలం. శ్రీశైలం డ్యాం దిగి కృష్ణ దాటితే మళ్లీ తెలంగాణ: ఈగలపెంట, దోమలపెంట, వటవర్లపల్లి, మన్ననూరు. ఘాటు దిగి డిండి, దేవరకొండ, కొండమల్లేపల్లి, పెద్దవూర, ఇంటికి. వెళ్లిన దారిన తిరిగి రాకుండా రెండు రిజర్వులూ, రెండు రాష్ట్రాలూ, కృష్ణను రెండుసార్లు దాటడమూ అన్నీ ఒక్క ప్రయాణంలో వస్తాయి. దక్షిణాన ఇంకా లోపలికి వెళ్లాలనుకుంటే ఆత్మకూరు దగ్గర బైర్లూటి, నంద్యాల–గిద్దలూరు దారిలో పచ్చర్ల అటవీశాఖ క్యాంపులున్నాయి. అది మూడో రోజు మాట.

ఈ రౌండులో గడియారం చాలా ముఖ్యం. అడవి గుండా పోయే శ్రీశైలం రోడ్డును రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారు, అటు దోర్నాల వైపూ ఇటు మన్ననూరు వైపూ. ఒకసారి నేను డిండి దగ్గర టైరు పంక్చరై, మన్ననూరు చెక్‌పోస్టుకు తొమ్మిదిన్నరకు చేరాను. బతిమాలినా గేటు తీయలేదు. ఆ రాత్రి బండిలోనే పడుకున్నాను. కోపంగా ఉన్నాను, నిద్ర రాలేదు. రెండు మూడింటి మధ్య ఎక్కడో దగ్గర్లోనే దుప్పి అరిచింది. కుక్క మొరుగులా పొడిగా, తెగినట్లు ఒక అరుపు. ఆగి మళ్లీ ఒకటి. తర్వాత కణితి గొంతు, బరువుగా, బాకా ఊదినట్లు. ఏదో నడుస్తోంది. రోడ్డు మీద ఒక్క లైటు లేదు, ఒక్క లారీ చప్పుడు లేదు కాబట్టే అదంతా వినిపించింది. ఆ గేటు ఎందుకు వేస్తారో ఆ రాత్రి నాకు తెలిసింది. రాత్రంతా బండ్లు తిరిగితే ఆ అరుపుల స్థానంలో తెల్లారేసరికి రోడ్డు మీద రక్తపు మరకలుంటాయి. అప్పటి నుంచి నా ప్లాను గేటు నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రాస్తాను. గేటుకు సాయంత్రం 5 కల్లా చేరాలి, కాబట్టి హాలియాలో మధ్యాహ్నం 12కు బయల్దేరాలి, కాబట్టి ముందురోజు రాత్రే బ్యాటరీలు నిండాలి.

తేదీ ఎంచుకోవడంలో మనవాళ్లు చేసే పొరపాటు వరుస సెలవులు చూసుకోవడం. శివరాత్రికి, ఉగాదికి, కార్తీక సోమవారాలకు శ్రీశైలం దారి అంతా భక్తులతో నిండిపోతుంది. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లింగమయ్య జాతర, నడి అడవిలోకి వేలాది జనం నడుస్తారు. జాతరను తీయాలనుకుంటే అది వేరే గొప్ప సబ్జెక్టు. జంతువుల కోసమైతే ఆ వారం పోవద్దు, వెళ్తే వారం మధ్యలో వెళ్లండి. అడవి మంగళవారం ఒక రకంగా, ఆదివారం మరో రకంగా ఉంటుంది.

కాలాల విషయం కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే సగం జవాబు అక్కడే ఉంది. జూలై 1 నుంచి సెప్టెంబరు 30 వరకు సఫారీలు ఉండవు. అక్టోబరులో తెరుచుకున్నప్పుడు అడవి పచ్చి పచ్చిగా ఉంటుంది. మల్లెలతీర్థం జలపాతం బాగుంటుంది, సీతాకోకచిలుకలు గుంపులు గుంపులుగా ఉంటాయి. గడ్డి మాత్రం నడుమెత్తు. పక్కనే కణితి ఉన్నా చెవులు తప్ప కనిపించవు. చాలామంది అక్టోబరులో వెళ్లి "అడవిల ఏం లేదు" అని తిరిగొస్తారు. ఉన్నాయి, గడ్డిలో ఉన్నాయి.

డిసెంబరు, జనవరి నెలలు పిట్టలవి. వలస వచ్చినవీ ఉంటాయి, ఉన్నవీ ఉంటాయి. తెల్లవారుజామున లోయలో పొగమంచు, దాని మీదికి వచ్చే తొలి ఎండ. ఆ అరగంటలో ఫరహాబాద్ కొండ అంచున నిలబడ్డవాడికి జంతువు ఒక్కటీ కనిపించకపోయినా చేతినిండా ఫొటోలుంటాయి. ఫిబ్రవరి చివరికి ఆకు రాలుతుంది. టేకు, నల్లమద్ది, ఏగిస కొమ్మలు బోడిగా నిలబడతాయి. అప్పుడు మోదుగ పూస్తుంది. చెట్టుకు ఆకు ఒక్కటి ఉండదు, కొమ్మ పొడుగునా నిప్పురంగు పూలు. ఒక మోదుగ చెట్టు కింద గంట కూర్చోండి. ఏట్రింత వస్తుంది, గోరింకలు వస్తాయి, చిలకలు వచ్చి పూలు తెంపి కింద పడేస్తాయి, వంగపండు పిట్ట పసుపుగా మెరిసి వెళ్తుంది. లెన్సు ఒకేచోట పెట్టి ఉంచితే చాలు, వాటంతటవే వస్తాయి. నేను తీసిన వాటిలో నలుగురికి నచ్చిన పది ఫొటోల్లో నాలుగు ఒక్క మోదుగ చెట్టు ఇచ్చినవే.

మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపూలు రాలుతాయి, ఎలుగుబంట్లు వాటి కోసం తిరుగుతాయి. ఏప్రిల్ నుంచి వానలు పడేదాకా అసలు పరీక్ష నీటిది. వాగులు ఎండుతాయి. అటవీశాఖ సాసర్‌పిట్లు కట్టి ట్యాంకర్లతో నీళ్లు పోస్తుంది. జంతువులు అక్కడికి రాక తప్పదు, కాబట్టి కనిపించే అవకాశం ఈ నెలల్లోనే ఎక్కువ. ఎండ నలభై దాటుతుంది, మన నల్లగొండ ఎండ తట్టుకున్నవాళ్లకు అదేమంత కొత్త కాదు. నాకు బాధగా ఉండేది మరొకటి. దప్పికతో వచ్చిన జంతువు నీటికి ఇరవై అడుగుల దూరంలో ఆగి, మన జీపును చూసి, నీళ్లు తాగకుండా వెనక్కి మళ్లితే ఆ ఫొటో ఖరీదు దాని దప్పికే. అలాంటప్పుడు డ్రైవరును బండి వెనక్కి తీయమనాలి. ఒక్కసారి ఆ మాట అని చూడండి, గైడు మిమ్మల్ని చూసే తీరు మారిపోతుంది.

గైడులు ఎక్కువమంది చెంచు యువకులే. 2021లో అమ్రాబాద్‌లో మొదలైన టైగర్ స్టే ప్యాకేజీలో బస, సఫారీ, అడవిలో నడక కలిసి ఉంటాయి. మన్ననూరులో దిగాలి, ముందే బుక్ చేసుకోవాలి. సొంత బండి మెయిన్ రోడ్డు వరకే, లోపలికి అటవీశాఖ వాహనమే. ఆ వాహనంలో గైడు మాట చివరి మాట. ఒకసారి మా గైడు చెయ్యెత్తి, "సారూ, జర ఇంజన్ బందు చెయ్యమనుండ్రి," అన్నాడు. బందయింది. నాకేమీ కనిపించలేదు. అతను కన్ను తిప్పకుండా ఒక నల్లమద్ది మొదలు చూపించాడు. నా ఎత్తుకు కాస్త పైన, బెరడు మీద నిలువుగా ఐదు గీతలు, ఇంకా జిగురు కారుతోంది. "పొద్దుగాల గీకింది. ఎలుగు." జంతువు లేని ఆ ఫొటోను నేను ఎన్నిసార్లు చూసుకున్నానో. గీత అంచున జిగురు బొట్టు, దాని మీద వాలిన చీమ, గీతల మధ్య బెరడు పీచు. పంజా ఎంతుంటుందో ఎలుగు ఫొటో కన్నా అదే బాగా చెబుతుంది.

ఆ అడవి మనుషుల గురించి ఫొటోగ్రాఫరుగా మనకు ఒక బాధ్యత ఉంది. ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1940లో భార్య బెట్టీతో కలిసి చెంచుల మధ్య ఉండి పరిశోధన చేశాడు, 1943లో చెంచుల మీద ఆయన పుస్తకం వచ్చింది. వందల ఫొటోలు తీశాడు, అవి లండన్‌లో భద్రంగా ఉన్నాయి. తమ తాతల ఫొటో తమ ఇంట్లో లేని చెంచు కుటుంబాలు మాత్రం ఎన్నో. ఎనభై ఏళ్ల తర్వాత మనం కూడా అదే చేస్తే ఎట్లా? పెంటలోకి వెళ్లి, అడగకుండా, ముసలమ్మ ముడతల మీద జూమ్ చేసి, ఇన్‌స్టాలో పెట్టి రావడం మన పిల్లలు చేస్తున్న పని. అడగండి. వద్దంటే కెమెరా దించండి. తీస్తే, మళ్లీ వెళ్లినప్పుడు ప్రింటు తీసుకెళ్లి చేతికివ్వండి. పెళ్లి ఆల్బం చేసేవాళ్లకు ఒక ప్రింటు ఎంత పని! కోర్ ఏరియాలోని ఊళ్లను తరలించే ప్రయత్నాలు నడుస్తున్నాయి. కుటుంబానికి 15 లక్షల ప్యాకేజీ. వెళ్లాలనుకునేవాళ్లూ ఉన్నారు, కదలమనేవాళ్లూ ఉన్నారు. అట్లాంటి సమయంలో వాళ్లింట్లో మిగిలే ఒక ఫొటో చిన్న విషయం కాదు.

సామాను గురించి పిల్లలు ఎక్కువ అడుగుతారు, నేను తక్కువ చెబుతాను. పెళ్లిళ్లకు వాడే 70–200 లెన్సు చాలామంది దగ్గర ఉంది. దానికి ఒక టెలికన్వర్టరు తగిలించుకుంటే మొదటి రెండు ప్రయాణాలకు సరిపోతుంది. అప్పటికీ మనసు నిలిస్తే 100–400 గానీ, 150–600 గానీ హైదరాబాదులో కిరాయికి తెచ్చుకొని చూడండి. అప్పు చేసి కొనొద్దు. ట్రైపాడ్ జీపులో పనికిరాదు, కిటికీ అంచు మీద పెట్టుకునే బీన్‌బ్యాగే దిక్కు. దుకాణంలో కొనక్కర్లేదు. పాత జీన్స్ ప్యాంటు కాలు ఒకటి కత్తిరించి, ఒక కొస కుట్టి, లోపల నింపి, రెండో కొస కుట్టేయాలి. మన రైసుమిల్లులో ఊక ఊరికే దొరుకుతుంది గానీ మరీ తేలిక, లెన్సు బరువుకు జరిగిపోతుంది. నేను వడ్లు నింపాను, లెన్సు దాంట్లో కూర్చున్నట్లు కూర్చుంటుంది. కుట్టు మాత్రం గట్టిగా వేయండి. అడవిలో ఒక్క గింజ రాలినా అది ఎర కిందే లెక్క. నలుపు తెలుపు జంతువుల దగ్గర కెమెరా మోసపోతుంది. ఎలుగుబంటిని బూడిదరంగు చేస్తుంది, చీకటి నీళ్ల మీది కొంగ రెక్కల్లో ఈకలు లేకుండా తెల్ల కాగితం చేస్తుంది. రెండింటికీ వెలుగు కాస్త తగ్గించాలి. పెళ్లికూతురి తెల్ల పట్టుచీర తీసినవాడికి ఇది వేరే చెప్పక్కర్లేదు. షట్టరు చప్పుడు ఆపేసే సెట్టింగు పెట్టుకోండి. ఫ్లాష్ ఇంట్లో వదిలెయ్యండి. మంచినీళ్లు స్టీలు సీసాలో తీసుకెళ్లండి, 2024 జూలై నుంచి అమ్రాబాద్ రిజర్వులో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను నిషేధించారు. అడవిలో ఫోను సిగ్నలు నమ్ముకోవద్దు, డీజిలు అచ్చంపేట దాటకముందే చూసుకోండి.

చట్టం మాట కొంచెం వివరంగా చెప్పాలి, తెలియక తప్పు చేసేవాళ్లే ఎక్కువ. అభయారణ్యంలోకి ఎందుకు అనుమతి ఇవ్వొచ్చో చెప్పే 28వ సెక్షనులో ఫొటోగ్రఫీ పేరు స్పష్టంగా ఉంది. ఆవాసాన్ని మార్చకుండా, జంతువులకు హాని చేయకుండా అన్న షరతును 2022 సవరణలో కలిపారు. అంటే అడ్డమొచ్చిందని కొమ్మ విరిస్తే షరతు తప్పినట్లే. డ్రోనుకు వేరే అనుమతి కావాలి, అది లేకుండా ఎగరేస్తే కేసు. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది ఆ చట్టం 'వేట'కు ఇచ్చిన అర్థం. చంపడమొక్కటే వేట కాదు. జంతువును తరమడం, ఎర వేయడం, పక్షి గూడునూ గుడ్లనూ కదిలించడం కూడా ఆ అర్థంలోకి వస్తాయి. అలా చేయబోవడం కూడా వేటే. కోతులు దగ్గరకు రావాలని బిస్కెట్టు విసిరేవాళ్లు, పిట్ట ఎగిరితే ఫొటో బాగుంటుందని రాయి విసిరేవాళ్లు, గూడు కనిపించాలని ఆకులు తుంచేవాళ్లు ఏం చేస్తున్నారో ఒకసారి ఆ నిర్వచనం పక్కన పెట్టి చూడాలి. ఫోను రికార్డింగులో పక్షి కూత మోగించి మగపిట్టను రప్పించే పద్ధతి ఈమధ్య బాగా పాకింది. గూడు కట్టే కాలంలో అది లేని శత్రువు కోసం వెతుక్కుంటూ అలసిపోతుంది. నేను ఆ పని చేయను, నాతో వచ్చేవాళ్లను చేయనివ్వను.

అరుదైన పక్షి కోసం పరుగెత్తడం మీద కూడా ఒక మాట. కడప లంకమల అడవిలో కలివికోడి ఉంది. అంతరించిందనుకున్న ఆ పక్షి 1986లో మళ్లీ కనిపించింది. దాన్ని తీయాలని బయల్దేరుతామనే పిల్లలను నేను ఆపుతాను. పొదల్లో రాత్రిపూట తిరిగే, ఎన్ని మిగిలాయో తెలియని పక్షి మీద టార్చి వేసే హక్కు పరిశోధకులకు తప్ప ఎవరికీ ఉండకూడదు. అలాగే పులో, చిరుతో కనిపించిన చోటును అదే గంటలో వాట్సప్‌లో పెట్టడం. ఫొటోలో దాగిన లొకేషను తీసేసి, వారం ఆగి పెట్టండి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే ఫొటోకు బలముంది. 2019లో అమ్రాబాద్ అడవిలో యురేనియం అన్వేషణ మాట వచ్చినప్పుడు జనం నల్లమల కోసం గొంతెత్తారు. ఆ సెప్టెంబరులో శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఆ ఉద్యమంలో చేతులు మారిన ఫొటోలు ఎవరో వారం మధ్యలో ఓపిగ్గా తిరిగి తీసినవే. మనకైతే ఆ కథ ఇంకా ముందే మొదలైంది. పెద్దవూర దిక్కున లంబాపూర్, పెద్దగట్టు యురేనియం గనుల మీద 2003లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణ హాలియా చుట్టుపక్కల పెద్దవాళ్లకు ఇప్పటికీ గుర్తే. సాగర్ నీళ్లు తాగే ఊళ్లకు ఆ గుట్టలు, ఆ అడవి ఎక్కడో ఉన్న టూరిస్టు స్థలం కాదు.

అందుకే ఏడాదికొక పెద్ద టూరు వద్దంటాను. తాడోబాకు ఒకసారి పెట్టే ఖర్చుతో హాలియా నుంచి నల్లమలకు నాలుగుసార్లు పోయి రావచ్చు: అక్టోబరులో ఒకసారి, జనవరిలో ఒకసారి, మోదుగ పూసినప్పుడు, ఏప్రిల్ నీటి గుంతల దగ్గర. అదే వ్యూపాయింటు, అదే వాగు, అదే గైడు. నాలుగోసారికి అతను మిమ్మల్ని పేరు పెట్టి పిలుస్తాడు, ఎక్కడ ఆగాలో చెప్పకముందే మీరు ఆగుతారు. మూసిన మూడు నెలలు కూడా వృథా కాదు. హాలియా వాగు పక్క తాళ్లలో, బావుల మీదికి వంగిన కొమ్మల్లో అప్పుడే గిజిగాడు గూళ్లు కడుతుంది. మగపిట్ట వరి ఆకు అంచును ముక్కుతో కొరికి, ఎగిరి, పొడుగాటి చీలిక లాగేస్తుంది. సగం కట్టిన గూడు హెల్మెట్టులా వేలాడుతుంటే ఆడపిట్ట వచ్చి లోపల చూసిపోతుంది. నచ్చకపోతే ఆ గూడు సగంలోనే ఆగిపోతుంది. ఎడమ కాలువ గట్టు మీద ముప్పై గజాల దూరంలో కూర్చొని ఈ పనంతా చూసినవాడికి అడవిలో కదలకుండా కూర్చోవడం ఎవరూ నేర్పక్కర్లేదు.

మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను రాసిచ్చే చీటీ ఇది. జనవరి రెండో సగంలో, పండుగ రద్దీ తగ్గాక, ఒక బుధవారం. మధ్యాహ్నం 12కు హాలియా, సాయంత్రం 5లోపు మన్ననూరు. ఆ రాత్రి కెమెరా తీయొద్దు, వరండాలో కూర్చొని వినండి. గురువారం పొద్దున సఫారీ, ఎండెక్కాక నిద్ర, సాయంత్రం మళ్లీ. శుక్రవారం తెల్లవారుజామున ఫరహాబాద్, తర్వాత ఘాటు దిగడం. ఘాటులో బండి వేగం నలభై దాటనివ్వొద్దు, మలుపు మలుపుకూ కోతులుంటాయి. వచ్చేటప్పుడు డిండి చెరువు దగ్గర నాలుగింటికి ఆగండి. వెలుగు వాలుగా పడుతుంది, కట్ట మీద పాలపిట్ట తీగ మీద కూర్చొని ఉంటుంది. కూర్చున్నప్పుడు మట్టిరంగులో ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. షట్టరు వేగం రెండువేల మీద పెట్టుకొని, దాని కన్ను మీద ఫోకస్ ఉంచి, అది ఎగిరేదాకా ఆగండి.